మనల్నడక్కుండా మన లెక్క

ఇదివరకు ఎన్నికలొస్తే మోతుబరి గూడెం మొగదాల నిలబడి "ఎన్ని ఓట్లురా మీయి?" అని అడిగిపోయేవాడు. ఇప్పుడు ట్యాబ్ పట్టుకుని కుర్రోడొస్తున్నాడు. కులమేంటి, పోయినసారి ఎవరికేశావు, పింఛనొస్తుందా అని అడిగి నొక్కుకుపోతాడు. అట్లాంటి జవాబులతో కంప్యూటర్లో ఉత్తుత్తి గూడెం కట్టొచ్చు. ఈ పథకం ఇస్తే ఎన్ని ఓట్లొస్తాయి, అది ఎత్తేస్తే ఎన్ని పోతాయి అని ఆ ఉత్తుత్తి మనుషుల మీద ఆడి చూడొచ్చు. దీని పేరే సిమ్యులేషన్.

ఇది కొత్త విద్యేం కాదు. 1959లో అమెరికాలో సైమల్‌మాటిక్స్ అనే కంపెనీ పుట్టింది. 1960లో కెనెడీ పోటీ చేసినప్పుడు ఆయన పార్టీ వాళ్లకు లెక్కలు కట్టిచ్చింది. 1952 నుంచి 1958 దాకా జరిగిన పాత సర్వేలు పోగేసి ఓటర్లను 480 రకాలుగా విడగొట్టింది. (మనుషుల్ని విడగొట్టే పని మనువు ఏ కంప్యూటరూ లేకుండానే చేశాడు!) మొదటి నివేదిక ఎవరి మీద? ఉత్తరాది పట్టణాల నల్లజాతి ఓటర్ల మీద. వాళ్ల హక్కుల గురించి గట్టిగా మాట్లాడితే ఓట్లొస్తాయని తేల్చింది. న్యాయం గనక మాట్లాడమని కాదు, లాభం గనక మాట్లాడమని. మరి లాభం లేనినాడో?

ఆ నివేదిక రాకముందే, 1960 ఫిబ్రవరి 1న, గ్రీన్స్‌బరో ఊళ్లో నలుగురు నల్ల విద్యార్థులు తెల్లవాళ్లకే తిండిపెట్టే బల్ల దగ్గర కూచున్నారు. పొమ్మంటే పోలేదు. అది ఊరూరా పాకింది. పాత సర్వేల్లో ఈ ముచ్చట ఎట్లా ఉంటుంది? ఆ కంపెనీయే తర్వాత వియత్నాం పల్లెల మనసులు కొలవడానికి అమెరికా రక్షణ శాఖ కొలువులో చేరింది. 1970లో దివాలా తీసింది.

1985 జూలైకి ముందు కారంచేడు మాదిగపల్లెను ఇట్లాగే కంప్యూటరెక్కించి ఉంటే ఏం చెప్పేది? "ఇచ్చిన కూలి పుచ్చుకుంటారు, చెప్పినచోట ఓటేస్తారు" అనేది. మంచినీళ్ల చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురు నిలిచిన ఆడబిడ్డ ఏ రకం కింద రాసుకునేవాళ్లు? జూలై 17న ఆరుగురిని చంపితే, బతికినోళ్లు చీరాలొచ్చి శిబిరం వేశారు. ఊరికి తిరిగి పోమన్నారు. దళిత మహాసభ పుట్టింది.

మిషను వద్దని కాదు మనం అనేది. 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది గదా. ఆ డబ్బు పక్కదారి పడితే మన పేటలో ఎన్నిళ్లకు కుళాయి ఆగుద్దో, ఎంతమంది పిల్లలకు హాస్టల్ పోద్దో అదే మిషను మీద మనమే కట్టి చూసుకోవచ్చు. చదువుకున్న మన కుర్రాళ్లు ఆ పనికి పూనుకోవాలి. పార్టీలోళ్లు మాత్రం వాళ్ల లెక్క మనకు చూపించరు.

ఈసారి ట్యాబ్ పట్టుకొచ్చినోడి మీద కోప్పడొద్దు, వాడూ కూలోడే. పదిమంది కూడి అడగండి: ఎవరు పంపారు, ఈ లెక్క ఎవరికిస్తావు, తేలింది మాకొచ్చి చదివి వినిపిస్తారా? చెప్పకపోతే మంచినీళ్లిచ్చి పంపేయండి, పేరు కూడా చెప్పొద్దు.