రెండో ఆట

నందలూరు నుంచి ఒక పాఠకుడు వ్రాసిన ఉత్తరం మూడు వారాలుగా నా బల్ల మీదే ఉంది. "అయ్యా! సీక్వెల్ అనేది మొదటి సినిమా పేరు చెప్పి మళ్ళీ టిక్కెట్లు అమ్ముకోవడానికి కాక మరెందుకు? వసూళ్ళ లెక్కలు నాకు వద్దు. మొదటిదానికంటే రెండోది నిజంగా బాగున్నది ఒక్కటి చూపించండి చాలు" అని సవాలు విసిరారు.

వెంటనే జవాబివ్వడానికి ధైర్యం చాలలేదు. మన చరిత్ర అలాంటిది మరి! 'మనీ' తరవాత రెండేళ్ళకు, 1995లో, 'మనీ మనీ' వచ్చింది. 'చంద్రముఖి'కి 2010లో 'నాగవల్లి' వచ్చింది. అదే ఏడాది 'గాయం 2' కూడా వచ్చింది. వీటిలో ఏది మొదటిదాన్ని మించిందో మీరే చెప్పుకోండి, నేను నోరు మెదపను. 'బాహుబలి', 'పుష్ప' అంటారా? అవి సీక్వెల్సే కావు. ఒకే కథను మధ్యకు కోసి, విశ్రాంతిని రెండు మూడేళ్ళు సాగదీసినవి.

ఆ మాటకొస్తే సీక్వెల్ మనకు కొత్తదా? తిక్కన గారి 'నిర్వచనోత్తర రామాయణము' ఏమిటి? సి.పుల్లయ్య గారు 1934లో ఒకసారీ, కుమారుడు సి.ఎస్.రావుతో కలిసి 1963లో రంగుల్లో మరోసారీ తెరకెక్కించిన 'లవకుశ' ఏమిటి? మా ఒంటిమిట్ట గుడినే చూడండి. కోదండరాముని గర్భగుడిలో సీత ఉంది, లక్ష్మణుడున్నాడు, హనుమంతుడు లేడు. రాముడికి ఆయన ఇంకా తారసపడని నాటి విగ్రహాలని పెద్దలు చెబుతారు. అంటే మా గుడి 'పార్ట్ వన్' అన్నమాట!

సరే, అసలు సంగతికి వద్దాం. నందలూరు వారి సవాలుకు జవాబు నాకు మా ఇంట్లోనే దొరికింది. అదీ కువైట్ నుంచి వచ్చిన ఒక అట్టపెట్టెలో.

మా ఒంటిమిట్ట, రాజంపేట, కోడూరు వైపు కువైట్ అంటే పక్క ఊరి పేరు చెప్పినట్టే చెబుతారు. మా అక్క అక్కడ ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళై ఆడడం మానేసిన వీడియో గేమ్ పెట్టెను, రెండు డిస్కులతో సహా, అక్క చేతిలో పెట్టారట. ఊరికి వస్తున్నవాళ్ళతో ఆమె పంపించింది. అక్క కూతురికి పదమూడేళ్ళు, కొడుక్కి పది. ఇద్దరూ మా అమ్మ దగ్గరే పెరుగుతున్నారు. బావ లారీ మీద తిరుగుతుంటాడు, నెలకు పదిరోజులు కూడా ఇంటిపట్టున ఉండడు.

పెట్టె పేరు 'వీ'. జపానుకు చెందిన నింటెండో వాళ్ళు 2006లో విడుదల చేసింది. డిస్కుల మీద పేర్లు 'సూపర్ మారియో గెలాక్సీ', 'సూపర్ మారియో గెలాక్సీ 2'. ఒకటి 2007ది, రెండోది 2010ది.

టీవీ దగ్గర పెట్టడానికి సన్నని కడ్డీ ఒకటి దానితోపాటు వస్తుంది. దాని వైరును రెండో వారమే ఎలుక కొరికేసింది. రిమోటును గాలిలో తిప్పితే తెరమీద గుర్తు కదలాలి. కదలదు! పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. తీరా విచారిస్తే ఆ కడ్డీలో బ్రహ్మవిద్య ఏమీ లేదు, రెండు చివర్లా కంటికి కనబడని పరారుణ కాంతినిచ్చే చిన్న దీపాలు, అంతే. రిమోటు ముక్కులో ఉన్న బుల్లి కెమెరా ఆ రెండు వెలుగులను చూసి తానెటు తిరిగిందో లెక్క కట్టుకుంటుంది. అదే కాంతి మంటలోనూ ఉంటుంది గనక టీవీ ముందు జానెడు ఎడంగా రెండు కొవ్వొత్తులు వెలిగించాను. గుర్తు కదిలింది! కొవ్వొత్తులు అయిపోయాక ప్రమిదలు పెట్టాం. "దేవుని ముందర పెట్టే దీపాలు టీవీ ముందర పెడ్తాండావేందిరా" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

ప్లాట్‌ఫారం ఆట అంటే రైలు కోసం ఎదురుచూస్తూ ఆడేది కాదు. అరుగు మీంచి అరుగు మీదకు దూకుతూ, గుంతలో పడకుండా గమ్యం చేరే ఆట. మా చిన్నతనంలో కడపలో గంటల లెక్కన డబ్బులిచ్చి ఆడిన క్యాసెట్ మారియో తోలుబొమ్మ లాంటివాడు. తెరకు అంటుకుని పక్కకు పరుగెత్తడమే తెలుసు. 1996లో 'సూపర్ మారియో 64' వాణ్ణి తెర వదిలించి రంగస్థలం మీదకు తెచ్చింది. ముందుకూ వెనక్కూ చుట్టూ తిరగగలిగాడు. 2002లో 'సన్‌షైన్' వాడి వీపుకు నీళ్ళ పంపు తగిలించింది. అది నచ్చినవాళ్ళూ ఉన్నారు, నచ్చనివాళ్ళూ ఉన్నారు.

2007లో 'గెలాక్సీ' దర్శకుడు యోషియాకి కోయిజుమి చేసిన పని వేరు. మూడు దిక్కులా తిరిగే ఆటల్లో ఆడేవాడు దారి తప్పుతాడు, కెమెరాను తిప్పుకోలేక విసుగు చెందుతాడు. ఈయన నేలనే గుండ్రం చేసేశాడు! ఆకాశంలో చిన్న చిన్న గ్రహాలు. ప్రతిదీ ఒక ఒంటి మిట్టే. దాని ఆకర్షణ దానిది, మారియో అడుగు భాగానికి నడిచి వెళ్ళినా పడిపోడు. ఎటు నడిచినా బయలుదేరిన చోటికే వస్తాడు గనక దారి తప్పే భయం లేదు. వెనకాల నిజమైన ఆర్కెస్ట్రా సంగీతం. మా టీవీ డొక్కు స్పీకర్లలోంచి విన్నా ఒళ్ళు జలదరించింది.

అందులో రోసలీనా అని ఒక అమ్మాయి ఉంటుంది. ఆకాశంలో తిరిగే ఓడ లాంటి ఇంట్లో నక్షత్రాల పిల్లలను సాకుతూ ఉంటుంది. ఆ ఇంట్లో ఒక గ్రంథాలయం, గ్రంథాలయంలో ఆమె చదివి వినిపించే బొమ్మల పుస్తకం. తల్లికోసం ఎదురుచూసే ఒక నక్షత్రప్పిల్లను వెంటబెట్టుకుని, దాని తల్లిని వెదకడానికి బయలుదేరిన చిన్నపాప కథ అది. వెదకగా వెదకగా, తన తల్లే ఇక లేదని ఆ పాపకు తెలుస్తుంది. ఆటకూ ఆ పుస్తకానికీ సంబంధం అంతంతమాత్రం. చదవకపోయినా ఆట ఆగదు. అందరూ ఇళ్ళకు వెళ్ళాక రాత్రిళ్ళు ఆఫీసులో కూర్చుని ఎవరికీ చెప్పకుండా వ్రాశానని కోయిజుమి తరవాత చెప్పాడు. మారియో సృష్టికర్త మియామోతో గారికి ఇలాంటి ఆటల్లో కథ ఎక్కువ కావడం ఇష్టం ఉండదు మరి!

ఇంగ్లీషులో ఉన్న ఆ పుస్తకాన్ని రాత్రికి ఒక అధ్యాయం చొప్పున నేను తెలుగు చేసి చెప్పాను. మేనల్లుడు మూడో రాత్రికే నిద్రపోయాడు. మేనకోడలు మాత్రం చివరిదాకా విన్నది. అవతల గదిలోంచి మా అమ్మ కూడా వింటున్నదని, మధ్యలో ఆపితే "తర్వాత?" అన్నప్పుడు తెలిసింది.

ఇక రెండో ఆట. మొదటిదానిలో చోటు చాలక మిగిలిపోయిన ఆలోచనలు బోలెడున్నాయి, ఒక ఏడాదిలో ముగిద్దామని మొదలుపెట్టారట. ఒకటిన్నర అన్నట్టుగా తీద్దామనే అనుకున్నారు గాని రెండు కాదు. అది రెండున్నరేళ్ళు పట్టింది. దర్శకుడు కోయిచి హయాషిదా. మిగిలిన సరుకే కదా అని చిన్నచూపు వద్దు. రాత్రి మిగిలిన సంగటిని పొద్దున మజ్జిగలో పిసుక్కుని తిన్నవాళ్ళకు ఆ రుచి నేను చెప్పనక్కర్లేదు.

మన సీక్వెల్లో ఏం చేస్తారు? హీరో ప్రవేశం ఇంకా ఆర్భాటంగా, విలన్లు ఇద్దరు ఎక్కువ, ఖర్చు మూడింతలు, ఆలోచన మాత్రం పాతదే. ఇక్కడ హీరో అదే, విలన్ అదే, ఎత్తుకుపోయేదీ ఆ రాకుమారినే. మారింది ప్రతి పది నిమిషాలకూ చేసే పని. ఒక చోట బరమా దొరుకుతుంది, గ్రహానికి ఇటు పక్క తొలిస్తే అటు పక్క తేలతాడు. ఇంకో చోట మేఘాల దుస్తులు, గాలిలో మూడు మబ్బులను పరిచి వాటి మీదే కాలు మోపుతాడు. ఒక ఘట్టంలో మారియో గిర్రున తిరిగినప్పుడల్లా పలకలు బోర్లాపడతాయి. మరొక ఘట్టంలో సంగీతం తాళానికి పలకలు మాయమై మళ్ళీ వస్తాయి, తాళజ్ఞానం లేకపోతే పాతాళమే! ఒక్కొక్క ఆలోచనను అది పాతబడకముందే వదిలేసి ఇంకోటి అందుకుంటాడు. మన స్క్రీన్‌ప్లే రచయితలు నోటుపుస్తకం పెట్టుకుని చూడదగ్గ పని.

విమర్శకుల మార్కుల సగటు కట్టే మెటాక్రిటిక్‌లో రెంటికీ నూటికి 97. వసూళ్ళ లెక్క వద్దన్నారు గాని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను. మొదటిది కోటీ ఇరవై లక్షలకు పైగా అమ్ముడైతే, రెండోది డెబ్బై లక్షల పైచిలుకే. బాగున్నదానికి జనం తక్కువ రావడం మన ఊళ్ళ థియేటర్లకే పరిమితం కాదన్నమాట.

నా తీర్పు రెండోదానికే. మేనల్లుడు కూడా నా పక్షమే. వాడి ధ్యాసంతా 242 నక్షత్రాలూ సాధించడం మీదే ఉంది. కాని మేనకోడలు రెండు రోజులు ఆడి రిమోటు పక్కన పెట్టేసింది.

"ఆయమ్మి యాడుంది మామా దీంట్లో?"

"ఎవరు?"

"పుస్తకం చదివే ఆయమ్మి."

ఈసారి మియామోతో గారు పట్టుబట్టి కథను తగ్గించేశారు, ఆ గ్రంథాలయమూ పుస్తకమూ లేవు, రోసలీనా ఆట చివర్లో ఒకసారి కనిపిస్తుందంతే అని చెప్పాను. "సివర దాంక నేనాడలేను కదా" అంది. నేను మురిసిపోయిన గొప్పతనం ఆమెకు ఎందుకూ పనికిరాలేదు.

వారం తరవాత చూస్తే మళ్ళీ ఆడుతోంది. చిత్రంగా, ఒకే గుంతలో పదేపదే పడుతోంది. మేనల్లుడు వచ్చి ఫిర్యాదు చేశాడు. "అక్క కావాలనే సంపుతాంది మామా మారియోను!"

విషయం ఏమిటంటే, ఈ రెండో ఆటలో ఒక ఏర్పాటుంది. ఒకే చోట చాలాసార్లు ఓడిపోతే రోసలీనా పోలికతో ఒక వెలుగునీడ ప్రత్యక్షమవుతుంది. సరేనంటే మారియోను తనే నడిపించి గండం దాటిస్తుంది. మనం రిమోటు ఒళ్ళో పెట్టుకుని చూడడమే. అందుకు శిక్షగా బంగారు నక్షత్రం బదులు కంచు నక్షత్రం ఇస్తారు. మేనల్లుడికి పట్టికలో ఆ కంచు కనబడితే తలకొట్టేసినట్టు! మేనకోడలు మాత్రం ఏ ఘట్టంలో ఆ నీడ వస్తుందో వెదికి, అక్కడికే పోయి ఓడిపోతోంది.

ఎందుకమ్మా అంటే, "ఏం లేదు మామా, ఆయమ్మి వచ్చి దాటిస్తాది కదా, సూడబుద్దయితాది" అంది. ఈసారి రాములవారి కల్యాణానికి వస్తానన్న మా అక్క కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించిన కబురు ఫోనులో వచ్చింది ఆ వారమే. ఆ రెండు సంగతులనూ కలిపి నేనేమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు.

2025 అక్టోబరులో నింటెండో వాళ్ళు ఈ రెండు ఆటలనూ తమ స్విచ్ అనే పెట్టెకోసం తిరిగి విడుదల చేశారు. రెండోదానిలో కూడా రోసలీనా పుస్తకం పెట్టారు! పదిహేనేళ్ళ కిందట వద్దనుకున్న కథ, తిరిగి ఇంటికి వచ్చింది. వెండితెర కబురు కూడా చెప్పకపోతే ఈ పత్రికలో నాకు చోటివ్వరు. 2023లో వచ్చిన మారియో చిత్రం ప్రపంచమంతటా 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. దాని సీక్వెల్‌ను 'గెలాక్సీ' పేరుతోనే, 2026 ఏప్రిల్ విడుదలగా, 2025 సెప్టెంబరులో ప్రకటించారు.

కొత్త పేజీల సంగతి మేనకోడలికి ఇంతవరకూ చెప్పలేదు. రెండు ఆటలూ కలిపి 70 డాలర్లు, ఆడడానికి కొత్త పెట్టె వేరే కొనాలి. చెబితే శుక్రవారం ఫోనులో వాళ్ళమ్మ చెవిన పడుతుంది. "పిల్లోళ్ళకు ఇంగేం కావల్లో చెప్పరా" అని అక్క ప్రతి వారం అడుగుతూనే ఉంటుంది. దేనికైనా ఎన్ని నెలలు వండాలో లెక్క కట్టుకోగలదు ఆమె.

నందలూరు పాఠకుడు గారూ! సవాలుకు నా జవాబు ఇదీ. నమ్మకం లేకపోతే ఒంటిమిట్ట ఎంతో దూరం కాదు, సాయంత్రం ఏడు దాటాక వచ్చి చూడండి. టీవీ ముందు రెండు ప్రమిదలు వెలుగుతుంటాయి. ఇప్పటికి 83 నక్షత్రాలు, అందులో కంచువి ఆరు. నూనె ఖర్చు మా అమ్మ ఖాతాలో.