అద్దంలో ఒక ముఖం.. ఫోన్‌లో మరో ముఖం

పెళ్లయిన నెలకో రెండు నెలలకో స్టూడియో నుంచి ఆల్బమ్ వస్తుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూస్తారు. పెళ్లికూతురి చెంప మీద పుట్టుమచ్చ ఉండదు. మేనత్త నుదుటి మీద గీతలుండవు. చామనఛాయ తాతయ్య కూడా తెల్లగా మెరిసిపోతుంటాడు. ‘ఫొటోలు భలే వచ్చాయి’ అనుకుంటారు అందరూ. పదో తరగతి చదివే పిల్ల మాత్రం తన ఫొటో ఒకటికి రెండుసార్లు చూసుకుని, అద్దం దగ్గరకు వెళ్తుంది. చిక్కు అక్కడే మొదలవుతోంది.

ఫొటోకు మెరుగులు దిద్దడం కొత్తేమీ కాదు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు కప్పిన రోజులున్నాయి. కానీ అది ఎప్పుడో ఒక ఫొటోకు, చేత్తో చేసే పని. ఇప్పుడు ఫొటోషాప్‌కు పోర్ట్రెయిచర్ లాంటి ప్లగ్-ఇన్ జత చేస్తే, అది చర్మం రంగున్న భాగాన్ని తానే గుర్తుపట్టి, జుట్టు, కనుబొమల జోలికి పోకుండా మిగతాదంతా నున్నగా చేసేస్తుంది. ‘లిక్విఫై’ ఫిల్టర్‌తో ముక్కు సన్నమవుతుంది, నడుము తగ్గుతుంది. వందల ఫొటోలకు ఒకే సెట్టింగ్ పెట్టేస్తే ఎవరి చర్మం ఎలాంటిదన్న పట్టింపు ఉండదు. ఇదే పనిని ఫోన్‌లో ‘బ్యూటీ’ మోడ్ చేస్తుంది. కొన్ని ఫోన్లలో మనం అడగకుండానే అది ఆన్‌లో ఉంటుంది.

ఒకప్పుడు కాస్మెటిక్ సర్జన్ దగ్గరకు సినిమా తార ఫొటో పట్టుకెళ్లేవారు. ఇప్పుడు ఫిల్టర్ వేసిన సొంత సెల్ఫీయే చూపించి ‘ఇలా చేయండి’ అంటున్నారు. ఈ ధోరణికి ‘స్నాప్‌చాట్ డిస్మార్ఫియా’ అన్న పేరు వచ్చింది. 2018లో బోస్టన్ వైద్యులు ఒక వైద్య పత్రికలో దీని గురించి హెచ్చరించారు. అమెరికా ఫేషియల్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 2017లో చేసిన సర్వేలో, సెల్ఫీల్లో బాగా కనిపించాలని వచ్చేవారిని చూశామని 55 శాతం సర్జన్లు చెప్పారు. తార ముఖం తనది కాదని ఎవరికైనా తెలుసు. ఫిల్టర్ వేసిన ముఖం అలా కాదు. అది తనదే, కాస్త ‘సరిచేస్తే’ చాలన్నట్టు ఉంటుంది. పోలిక మరింత గట్టిగా గుచ్చుకునేది అందుకే.

అసలు విచిత్రం ఏమిటంటే, ఫిల్టర్ లేని సెల్ఫీ కూడా నిజం చెప్పదు. ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో తీసిన ఫొటోలో ముక్కు, అయిదడుగుల దూరం నుంచి తీసినదాని కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లోనే అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ముందు కెమెరా ముక్కును లావు చేస్తుంది, తర్వాత ఫిల్టర్ సన్నం చేస్తుంది. మధ్యలో నలిగేది పిల్లల మనసు.

మన దగ్గర ఇంకో మెలిక రంగు. ఫిల్టర్ ‘బాగు చేయడం’ అంటే చాలాసార్లు తెల్లబరచడమే. ఫొటోలో వచ్చిన తెలుపు అద్దంలో రాకపోతే క్రీముల వేట మొదలవుతుంది. డాక్టర్ చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు రాసి చర్మం పల్చబడినవారిని చర్మవైద్యులు తరచూ చూస్తుంటారు. పాదరసం కలిసిన క్రీములు మరీ ప్రమాదం. కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరికి వచ్చిన కిడ్నీ జబ్బుకు ఇలాంటి ఫెయిర్‌నెస్ క్రీములతో సంబంధం ఉందని అక్కడి వైద్యులు గుర్తించారు.

ప్రభుత్వాలు, కంపెనీలు కొంత కదిలాయి. వ్యాపార ప్రకటనల్లో శరీరాన్ని మార్చిన ఫొటోలకు ఆ సంగతి తెలిపే ముద్ర ఉండాలన్న చట్టం నార్వేలో 2022 జులై నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్లలోపు వారికి ముఖం మార్చే ఫిల్టర్లను పరిమితం చేస్తామని టిక్‌టాక్ 2024 నవంబరులో ప్రకటించింది. ఇన్‌స్టాగ్రామ్‌లో బయటివారు తయారు చేసిన ఫిల్టర్లను మెటా 2025 జనవరిలో తీసేసింది. తన సొంతవి మాత్రం ఉంచుకుంది. ఇవేవీ మన ఫోన్ కెమెరాలోని బ్యూటీ మోడ్ దాకా గానీ, మన ఊరి స్టూడియో దాకా గానీ రావు. పైగా ‘ఇది మార్చిన ఫొటో’ అని రాసి ఉన్నంత మాత్రాన మనసులో పోలిక ఆగడం లేదని చాలా పరిశోధనల్లో తేలింది. కాబట్టి చట్టం వచ్చేదాకా చూద్దామనుకుంటే కుదరదు.

ఇంట్లో చేయగలిగినవి చిన్నవే. పిల్లల ఫోన్ కెమెరా సెట్టింగుల్లో బ్యూటీ మోడ్ ఆపేయండి. ముందు మీ ఫోన్‌లో ఆపండి. అమ్మ డీపీ ఫిల్టర్‌లో ఉంటే కూతురికి చెప్పే మాటకు విలువేముంది? ఆల్బమ్‌కు ఆర్డరిచ్చేటప్పుడే ‘రంగు మార్చొద్దు, మచ్చలు చెరపొద్దు’ అని స్టూడియోవారికి చెప్పొచ్చు.

అయితే ఫొటో నచ్చలేదని పిల్లలు విసుక్కోవడం వేరు, జబ్బు వేరు. గంటల కొద్దీ అద్దం చూసుకోవడం, లేదా అద్దమంటేనే భయపడటం, ఎవరికీ కనిపించని లోపం గురించి పదేపదే అడగడం, ముఖం దాచుకోవడం, కాలేజీ మానేయడం.. ఇవి ‘బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్’ లక్షణాలు కావచ్చు. ఇది నూటికి ఇద్దరిలో కనిపిస్తుంది. ఎక్కువగా యుక్తవయసులోనే మొదలవుతుంది, మగపిల్లలకూ వస్తుంది. ముక్కు సరిచేయిస్తే ఇది సాధారణంగా తగ్గదు, బాధ మరో చోటికి మారుతుంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అవసరమైతే మందులు బాగా పనిచేస్తాయి. కాబట్టి కాస్మెటిక్ క్లినిక్ కంటే ముందు మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.