మాల్టా రెండు రోజుల ముచ్చటా?

సంపాదకులకు,

‘మాల్టానా, సిసిలీనా’ వ్యాసకర్త సిసిలీకే ఓటేశారు. 316 చదరపు కిలోమీటర్ల దేశం రెండు రోజుల్లో అయిపోతుందట! వలెట్టా కెథెడ్రల్‌లో కారవాజ్జో 1608లో గీసిన చిత్రం ముందే నాకైతే ఒక పూట చాలదు. నేల కింద రాతిని తొలిచిన హైపోజియం సమాధుల్లోకి రోజూ కొద్దిమందినే పంపుతారు. టికెట్ చాలా ముందే కొనుక్కోవాలి. ఆ సంగతి వ్యాసంలో లేనే లేదు. వారం సెలవుతో సిసిలీ వెళితే ఎట్నా అగ్నిపర్వతానికీ, అగ్రిజెంటో ఆలయాలకూ తిరగడంతోనే సరి. మాల్టాలో బస్సులు చాలు. కారు తీసుకున్నా మనలాగే ఎడమవైపు నడపొచ్చు. ఆగస్టులో మాత్రం రెండూ వద్దు, ఎండకు మాడిపోతాం. అంతగా ఎట్నా చూడాలనుంటే వలెట్టా నుంచి సిసిలీలోని పోజ్జల్లోకు ఫెర్రీలో రెండు గంటల లోపే. షెంగెన్ వీసా రెండు చోట్లా చెల్లుతుంది.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం