నడుము విరిచే పాఠాలు ఇక చాలు

నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టి, పగలంతా కుర్చీలో కూర్చుని, శని ఆదివారాల్లో డ్రైవింగ్ రేంజ్‌కి వచ్చే మనిషికి మొదటిరోజే రెండు ఆజ్ఞలు అందుతాయి. తుంటి కదపొద్దు, తల ఎత్తొద్దు. ఈ రెండూ ఆటని చెడగొడుతున్నాయి, మనుషుల నడుములు కూడా చెడగొడుతున్నాయి.

1992లో జిమ్ మెక్‌లీన్ అనే అమెరికన్ కోచ్, భుజాల తిరుగుడుకీ తుంటి తిరుగుడుకీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే బంతి అంత దూరం పోతుందని రాశాడు. దానికి ఎక్స్ ఫ్యాక్టర్ అని పేరు. ఆయన లెక్కలు ఆటే బతుకుగా ఉన్న ప్రొఫెషనల్స్ శరీరాలవి. వాటిని తెచ్చి ఆఫీసు ఉద్యోగి మీద రుద్దారు. తుంటి బిగించి భుజాలు తొంభై డిగ్రీలు తిప్పమంటే ఆ తిరుగుడు ఎక్కణ్ణుంచి రావాలి? నడుములోని ఐదు పూసలూ కలిసి తిరిగినా ఒక్కో పక్కకి పది పదిహేను డిగ్రీలు గగనం. మెలి తిరగాల్సింది తుంటి కీళ్ళూ, ఛాతీ వెనక వెన్నూ. వాటిని కట్టేస్తే భారమంతా నడుము మీదే పడుతుంది.

గోల్ఫ్ దిగ్గజాలు బాబీ జోన్స్, శామ్ స్నీడ్, జాక్ నిక్లాస్ ముగ్గురూ క్లబ్ వెనక్కి వెళ్ళేటప్పుడు తుంటిని తిరగనిచ్చి ఎడమ మడమ లేపినవాళ్ళే. నిక్లాస్ 46 ఏళ్ళ వయసులో, 1986లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

కుడిచేతి వాటం వాళ్ళు చేసి చూడండి. క్లబ్ లేస్తుంటే కుడి తుంటిని వెనక్కి తిరగనివ్వండి. ఎడమ మోకాలు లోపలికి వస్తుంది, మడమ నేల విడుస్తుంది. విడవనివ్వండి. వీపు టార్గెట్‌కి ఎదురుగా వచ్చాక మొదట కదలాల్సింది ఆ మడమే. చేతులింకా పైన ఉండగానే అది నేలకి ఆనాలి. బరువు ఎడమకాలి మీదికొచ్చి తుంటి తెరుచుకుంటే చేతులు దాని వెంటే దిగుతాయి. తుంటి ఆగిపోతే భుజాలు ముందుకి తోసుకొస్తాయి, క్లబ్ బయటినుంచి లోపలికి కోస్తుంది, బంతి కుడికి వంగిపోతుంది. ఆ స్లైస్‌కి మందు కొత్త డ్రైవర్ క్లబ్ కాదు, ఎన్ని వేలు పోసినా.

తుంటి పక్కకి జారిపోవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ జారకుండా ఉండాలంటే తిప్పడం నేర్పాలి, బిగించడం కాదు.

ఇక తల. గోల్ఫర్ అనికా సోరెన్‌స్టామ్ తల, క్లబ్ బంతిని తాకేవేళకే ఒంటితో పాటు టార్గెట్ వైపు తిరిగిపోయేది. 2001లో ఒక రౌండ్‌ని 59 దెబ్బల్లో ముగించింది ఆ స్వింగ్‌తోనే. డేవిడ్ డువాల్‌దీ అదే తీరు, 1999లో ఆయనా 59 కొట్టాడు. తల దించుకునే ఉండమంటే ఒళ్ళు సగంలో ఆగిపోతుంది, ఆ కుదుపు మెడా నడుమూ భరించాలి.

కోచ్‌లని సూటిగా అడుగుతున్నాను. వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద క్లబ్ అడ్డంగా పెట్టించి, ఎటు ఎంత తిరగగలడో చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. అది కూడా చూడకుండా తుంటి బిగించమని చెప్పే హక్కు మీకెవరిచ్చారు?