బీరువా తాళం తీయించండి, ఆటల గంట నిలబెట్టండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారి ద్వారా, చంద్రగిరి మండలంలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల పిల్లల తల్లిదండ్రులు సమర్పించుకునే వినతిపత్రం.

విషయం: 1 నుంచి 5 తరగతుల పిల్లలకు చేసి నేర్చుకునే చదువు, రోజూ ఆట కల్పించడం గురించి.

ఆర్యా,

మా బడి ఆఫీసు గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. అందులో గణితం కిట్టు, పూసల చట్రం, తక్కెడ, తూకం రాళ్లు, స్కిప్పింగ్ తాళ్లు, ఫుట్‌బాళ్లు ఉన్నాయి. స్టాకు రిజిస్టరులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొన్న తల్లిదండ్రుల సమావేశం నాడు తలుపు తీయించి చూశాం. గాలి దిగిన బంతి మీద ధర చీటీ అట్లాగే అంటుకుని ఉంది. తక్కెడ పళ్లేలు కవరులోంచి బయటికే రాలేదు. టీచరమ్మను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఏదైనా విరిగితే, పోతే, తనిఖీలో జవాబు చెప్పుకోవాల్సింది ఆమే కదా. ఆ భయానికి ఎవరైనా తాళమే వేస్తారు.

అందుకని మా మొదటి కోరికకు డబ్బు అక్కర్లేదు. చిన్నబడిలో ఆటవస్తువులు, బోధనోపకరణాలు వాడితే అరుగుతాయి, విరుగుతాయి. ఏటా తల్లిదండ్రుల కమిటీ తీర్మానంతో అట్లాంటివాటిని రిజిస్టరులోంచి కొట్టివేసే అధికారం ప్రధానోపాధ్యాయులకే ఇస్తూ ఉత్తర్వు ఇప్పించండి. ఏడాది తిరిగినా కవరు విప్పని సామాను ఉంటే తనిఖీ అధికారి దాని సంగతి అడగాలని కూడా అందులో రాయించండి.

రెండోది పాఠం చెప్పే తీరు. మా దగ్గర ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరే కాబట్టి ఇది ఇప్పట్లో మారేది కాదు. ఒకరు రెండో తరగతికి తీసివేతలు చెబుతుంటే ఒకటీ మూడూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఈ చిక్కుకు మందు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే పుట్టింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒంటిగది బడులు పెట్టి, పుస్తకంలోని పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉన్నదీ పిల్లే చూసుకుని, బొమ్మ గుర్తును బట్టి కార్డు తీసుకుని, తన జట్టులో కూర్చుంటుంది. ఒక జట్టుకు టీచరు కావాలి, ఇంకో జట్టుకు తోటి పిల్లల సాయం చాలు, మరో జట్టు తన పని తానే చేసుకుంటుంది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట టీచర్లు రిషివ్యాలీలో చూసి వెళ్లి మొదలుపెట్టిందే కర్ణాటకలో 'నలి-కలి'గా రాష్ట్రమంతా పాకింది. మన ప్రభుత్వ బడుల్లోనూ కొన్నిచోట్ల నడిచింది కానీ మా బడి దాకా రాలేదు. మా ఇద్దరు టీచర్లను వంతులవారీగా రిషివ్యాలీకి శిక్షణకు పంపి, ఆ రోజులకు బదులు మనిషిని ఇవ్వండి. కార్వేటినగరం డైట్‌లో శిక్షణ పొందుతున్న ఛాత్రోపాధ్యాయులైనా మాకు సంతోషమే.

రిషివ్యాలీ వాళ్ల బడుల్లో మెట్రిక్ మేళా అని ఒకటి చేస్తారు. ఆ రోజు పిల్లలే అంగళ్లు పెడతారు, తూస్తారు, కొలుస్తారు, చిల్లర లెక్క చెబుతారు. ఊరివాళ్లు వచ్చి కొంటారు. దానికి టమోటాలు, చింతపండు, చెనిక్కాయలు మేం తెస్తాం. బీరువాలోని తక్కెడ బయటికొస్తే చాలు.

ఇక ఆటలు. ప్రతి బడికీ ఆటస్థలం, ప్రతి తరగతికీ ఆటవస్తువులు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. సమగ్ర శిక్షలో ప్రాథమిక బడికి ఏటా 5,000 రూపాయలు ఆటసామగ్రి కోసమే. వ్యాయామ బోధకుల మాట మాత్రం చట్టంలో ఆరో తరగతి నుంచే, అదీ వందమంది దాటితేనే వస్తుంది. దాంతో ఐదో తరగతి లోపు పిల్లల ఆట ఎవరి డ్యూటీ కాకుండా పోయింది. దగ్గరి హైస్కూలు పీఈటీని వారానికొక పూట, నో బ్యాగ్ డే అయిన శనివారమైతే మరీ మంచిది, మా బడికి వేయండి. మిగతా రోజుల్లో చివరి పీరియడు ఆటలకే ఉండాలి. ఆ గంటలో టీచరు ఫోను పట్టుకుని వివరాలు అప్‌లోడ్ చేసే పని ఏదీ పెట్టకూడదు. ఆడపిల్లలు గట్టు మీద కూర్చుని చూసేవాళ్లుగా మిగలకుండా జట్లు కలిపి వేయించాలి. ఖోఖో, తొక్కుడుబిళ్ల, ఏడుపెంకులాటకు కొనేది ఏముంది? వామనగుంటల్లో గుంటకు నాలుగేసి చింతగింజలు పోసే పిల్లకు నాలుగో ఎక్కం వేరే బట్టీ పట్టించాలా?

మైదానంలో సగం గదుల పనులప్పుడు మిగిలిన కంకర, ఇటుకముక్కలే. ఒక ట్రాక్టరు పంపిస్తే ఆదివారం మేమే ఎత్తి పోస్తాం. నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ఏడాదికొకసారి అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకుపోవడానికి బస్సు ఇప్పించండి. కుప్పం దగ్గరి అగస్త్య ఫౌండేషన్ సంచార ప్రయోగశాల మా మండలానికి వచ్చినప్పుడు చిన్నబడుల దగ్గర కూడా ఆగేటట్లు వారితో మాట్లాడండి.

కొట్టివేత ఉత్తర్వు, పీఈటీ కేటాయింపు, ఈ రెండూ మీ సంతకంతో అయ్యే పనులు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలోపు వీటిపై రాతపూర్వకంగా జవాబు ఇప్పించాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
భవదీయులు,
పాఠశాల తల్లిదండ్రుల కమిటీ సభ్యులు, గ్రామస్థులు

నకలు: మండల విద్యాశాఖాధికారి గారికి