పేరు ఒకటే, జబ్బులు రెండు

పోయిన వారం పక్కింటి అమ్మాయి వచ్చింది. కోడలిగా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. "పెదనాన్నా, నాకూ థైరాయిడే అన్నారు. నీ డబ్బాలో నాలుగు మాత్రలు ఇయ్యి, జీతం రాగానే కొనిస్తా" అంది. చక్కెర అప్పు అడిగినట్టే అడిగింది. నేను ఇయ్యలేదు. ఎందుకు ఇయ్యలేదో మీకూ చెప్పాలి.

గొంతు ముందర సీతాకోకచిలుక మాదిరి ఒక చిన్న గ్రంథి ఉంటుంది. మన ఒంటికి అదే మోటారు. కొందరికి అది మెల్లగా తిరుగుతుంది. ఒళ్ళు లావవుతుంది, చలి, బద్ధకం. కొందరికి అతివేగంగా తిరుగుతుంది. ఎంత తిన్నా చిక్కిపోతారు, గుండె దడ, చెమట, నిద్ర రాదు, మాటిమాటికీ విరేచనం, చేతులు వణుకుతాయి. పేరు ఒకటే, జబ్బులు మాత్రం ఎదురెదురు.

నాకు వచ్చింది రెండోది. 40 ఏళ్ళప్పుడు. రింగ్ ఫ్రేము దగ్గర తెగిన పోగు అతికించబోతే వేళ్ళు నిలవలేదు. మిల్లు వేడికి చెమట ఎవరికి పట్టదు, అనుకున్నా. మేస్త్రి అందరి ముందర నా నోరు వాసన చూశాడు, తాగి వచ్చానని. నేను జన్మలో సారాయి ముట్టలేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

మా ఆవిడే బలవంతంగా ఆస్పత్రికి తీసుకుపోయింది. ఐడా స్కడర్ అమ్మ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన మన వేలూరు సీఎంసీకే. రక్తం చూశారు. టీఎస్‌హెచ్ తక్కువ అన్నారు. తక్కువైతే మంచిదే కదా అనుకున్నా. కాదట. టీఎస్‌హెచ్ అంటే తలలోంచి వచ్చే మేస్త్రి కేక. పనివాడు ముందే పరిగెత్తుతుంటే మేస్త్రి నోరు మూసుకుంటాడు. అందుకే అది తగ్గి, టీ3, టీ4 పెరుగుతాయి. నాది గ్రేవ్స్ జబ్బు అన్నారు. 1835లో ఐర్లండు డాక్టరు ఒకాయన రాసిన జబ్బు, ఆయన పేరే పెట్టారు. ఇందులో కళ్ళు కూడా ఉబ్బుతాయి. బీడీ తాగితే కళ్ళు ఇంకా చెడతాయని చెప్పారు. ఆ రోజే మానేశా.

కార్బిమజోల్ మాత్రలు ఇచ్చారు. ఏడాది, ఏడాదిన్నర వాడాలన్నారు. ఆరో నెలకి ఒళ్ళు పట్టింది, వణుకు పోయింది. నయమైందని నేనే మానేశా. మూడు నెలల్లో జబ్బు మళ్ళీ వచ్చింది, ఈసారి గుండె తాళం తప్పి కొట్టుకుంది. ఆ తప్పు మీరు చెయ్యకండి. చివరికి రేడియో అయోడిన్ మందు ఇచ్చారు. చిన్నపిల్లలకీ గర్భిణులకీ కొన్నాళ్ళు దూరంగా ఉండమన్నారు. ఆ మందుతో గ్రంథి అణిగిపోయింది. అందుకే ఇప్పుడు రోజూ పరగడుపున థైరాక్సిన్ వేసుకుంటున్నా. ఇది మోటారు మెల్లగా ఉన్నవాళ్ళ మాత్ర.

ఆ అమ్మాయి చీటీ చూస్తే టీఎస్‌హెచ్ బాగా తక్కువ. నా మాత్ర ఇచ్చి ఉంటే మండే పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టే.

ఇంకో రెండు మాటలు. కార్బిమజోల్ వేసుకునేవాళ్ళకి జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుళ్ళు వస్తే మాత్ర ఆపి ఆ రోజే ఆస్పత్రికి పోయి రక్తం చూపించండి. అరుదుగా ఆ మందు తెల్ల కణాలను పడగొడుతుంది. బిడ్డ కావాలనుకునే ఆడపిల్లలు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి, దానికి తగ్గట్టు మందు మారుస్తారు.

డబ్బు లేదని ఊరుకోకండి. ఈఎస్ఐ కార్డు ఉంటే అక్కడికి పోండి. లేకుంటే అడుక్కంబారై సర్కారు ఆస్పత్రి ఉంది.

అమ్మాయిని మా ఆవిడ వెంట పంపించా. వేరే మాత్రలు రాసిచ్చారు. ఇక మా ఇంటికి చక్కెర కోసమే రమ్మని చెప్పాను.