మాకు అవగాహన లేదట!

జనవరి 25 వస్తోందంటేనే నాకు తలనొప్పి. జాతీయ ఓటర్ల దినోత్సవం కదా! ఓటు రావడానికి ఇంకా ఆరేడేళ్లున్న బడిపిల్లల చేతికి అట్టలిచ్చి వీధుల్లో నడిపిస్తారు. ఓటున్న పెద్దలు అరుగుల మీద కూర్చుని చూస్తారు. తర్వాత ప్రతిజ్ఞ, సెల్ఫీ, సమోసా. ఈసారి జనగామ దగ్గర మా ఊళ్లో ఇవి చాలవన్నట్టు ఉపన్యాసం కూడా పెట్టారు. సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చి ఇంకా పెట్టె సర్దుకోని ఒక పెద్దమనిషి మైకు పట్టుకున్నాడు. "మన జనానికి అవగాహన లేదండీ. అమెరికాలో బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. అభ్యర్థి ఎవరన్నది కూడా ప్రైమరీల్లో జనమే తేలుస్తారు. మనవాళ్లేమో హైదరాబాద్‌లో బతుకుతూ ఊళ్లో ఓటు పెట్టుకుంటారు. ముందు అలాంటి ఓట్లు ఏరిపారేయాలి" అని సెలవిచ్చాడు. వేదిక మీదివాళ్లంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న మా మేనమామ మాత్రం "గీయనకు ఆడ ఓటున్నదారా?" అని చెవిలో అడిగాడు. లేదు. ఆయనది గ్రీన్ కార్డు. పౌరసత్వం వస్తేగాని అక్కడ ఓటు రాదు. తన పేరు రాసున్న పోస్టల్ బ్యాలెట్‌ను ఆయన ఇంతవరకు కళ్లజూడలేదు.

పోనీ, అవగాహన సంగతే చూద్దాం. 2023 నవంబర్ 30న అసెంబ్లీకి ఓట్లేశాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు జిల్లాల్లోనూ పోలింగ్ 80 శాతం దాటింది. హైదరాబాద్ జిల్లా 50కి కూడా చేరలేదు. ఇంకో ముచ్చట. భూపాలపల్లి, మంథని నియోజకవర్గాలను మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల లెక్కలో వేసి సాయంత్రం నాలుగింటికే పోలింగ్ ముగించారు. హైదరాబాద్‌కు ఐదింటిదాకా ఇచ్చారు. అడవి పక్కన ఉన్నవాడికి ఒక గంట తగ్గించినా వచ్చి వేసిపోయాడు. లిఫ్టు దిగితే బూత్ కనపడేవాడు గంట ఎక్కువిచ్చినా దిగలేదు. మరి అట్టలు పట్టుకున్న పిల్లల్ని ఎక్కడ తిప్పాలి? మా తండాల్లోనా, జూబ్లీహిల్స్‌లోనా?

పైసలిస్తే వస్తారులే అంటారు. ఇస్తారు, తీసుకుంటారు, కాదనను. ఆ పైసలు పట్నంలో మాత్రం పంచరా? పంచినా అక్కడ జనం కదలలేదెందుకో చెప్పి ఆ తర్వాత మమ్మల్ని అనండి.

పోలింగ్ ముందురోజు రాత్రి ఉప్పల్ చౌరస్తాలో నిలబడి చూడాలి ఆ జాతర. తాపీ మేస్త్రీలు, ఆటో నడిపేవాళ్లు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు. జనగామ బస్సు మెట్ల మీద కూడా జాగా ఉండదు. మహబూబాబాద్ పోయేవాళ్లు రైలు మరుగుదొడ్డి తలుపు దగ్గర నిలబడి పోతారు. రెండు రోజుల కూలి పోతుంది, చార్జీలు అదనం. వీళ్ల ఓట్లనే ఏరిపారేయాలట.

ఒకే మనిషికి రెండు చోట్ల ఓటుంటే తీసేయండి, నాకేం పేచీ లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్లు దాన్ని కుదరదన్నాయి. అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలని 31వ సెక్షన్ చెబుతోంది. నా పేచీ అంతా ఉన్న ఒక్క ఓటును ఊళ్లో దాచుకున్న మేస్త్రీ గురించి. ఆ చట్టంలోనే 20వ సెక్షన్‌ను ఒకసారి నిదానంగా చదివితే కడుపు మండుతుంది. 'సాధారణ నివాసి' ఎవరో అందులో ఉంది. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదని ఉంది. ఎమ్మెల్యే, ఎంపీ పదవి పనిమీద నియోజకవర్గంలో లేకపోయినా అక్కడి నివాసి కాకుండా పోడని ప్రత్యేకంగా రాసుకున్నారు. సరిహద్దులో కాపలా కాసే సైనికుడికి సొంతూరి ఓటు ఉంటుంది, ఉండాలి కూడా. ఆ కిందే 20ఏ. విదేశంలో ఉంటూ అక్కడి పౌరసత్వం తీసుకోనివాడు ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులో ఉన్న ఊళ్లో ఓటిస్తారు. అంటే మా డాలస్ పెద్దమనిషి కోరుకుంటే, పదిహేనేళ్లుగా ఊళ్లో లేకపోయినా, మా ఊరి జాబితాలో దర్జాగా ఎక్కొచ్చు. వేయడానికి మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రావాలి, అంతే. సముద్రాల అవతల ఉన్నవాడు మా ఊరివాడే. బోడుప్పల్‌లో గోడ కడుతున్నవాడు, పండగకూ పబ్బానికీ చావుకూ పెళ్లికీ పరుగెత్తుకొచ్చేవాడు, దొంగ ఓటరు!

ఏరివేతలంటే ఏమిటో మనకు తెలియనిదా? 2018 డిసెంబర్ 7న కార్డులు పట్టుకుని బూత్‌లకు పోయినవాళ్లు ఎందరో జాబితాలో పేరు లేక తిరిగొచ్చారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరుకే దిక్కులేకపోయింది. అప్పటి రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఓటు పడదు కదా. 2025 ఆగస్టు 1న బిహార్‌లో ముసాయిదా జాబితా వస్తే 65 లక్షల పేర్లు మాయం. తీసేసేది ఫారం 7 మీద ఒక గీత. మళ్లీ ఎక్కించుకునేది ఫారం 6, ఆధారాలు, ఫొటో, బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) కోసం పడిగాపులు.

పడిగాపులు ఎక్కడ కాయాలో తెలిసినా బాగుండును. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్‌ను కోసి కొత్త జిల్లాలు చేశారు. నియోజకవర్గాలు మాత్రం పాత గీతల మీదే ఉన్నాయి. తొర్రూరు మహబూబాబాద్ జిల్లా, అసెంబ్లీకి పాలకుర్తి, పార్లమెంటుకు వరంగల్. గార్ల, బయ్యారం కూడా అదే జిల్లా, ఎమ్మెల్యే ఇల్లందు. కొత్తగూడ, గంగారం వాళ్లకు ములుగు. చేర్యాలవాళ్లది సిద్దిపేట జిల్లా, ఓటు జనగామకు. మా చెల్లెలి పేరు జాబితాలో గల్లంతైతే ఒక ఆఫీసులో అడిగాం. మీది మా నియోజకవర్గం కాదన్నారు. రెండో చోటికి పోతే మీది మా జిల్లా కాదన్నారు. మూడో చోట భోజన విరామం. ఇదంతా బొమ్మ గీసి గోడకు అంటించే ఆలోచన ఎవరికీ రాదు. సెల్ఫీ దిగడానికి ఫ్లెక్సీ మాత్రం రంగురంగుల్లో రెడీ.

ఇక ప్రైమరీలు. రాహుల్ గాంధీ 2014లో కొన్ని లోక్‌సభ స్థానాల్లో ఆ ముచ్చటా తీర్చుకున్నారు. వడోదరలో పోటీలో గెలిచి అభ్యర్థి అయిన నరేంద్ర రావత్‌ను, మోదీ అక్కడికి వస్తున్నారని తెలియగానే పక్కకు తప్పించి మధుసూదన్ మిస్త్రీని దింపారు. మన దగ్గర అంత నాటకం కూడా లేదు. 2023 ఆగస్టు 21న కేసీఆర్ ఒక్క దఫాలో 115 మంది బీఆర్ఎస్ అభ్యర్థుల పేర్లు చదివారు. ఆపిన నాలుగింటిలో జనగామ ఒకటి. సిట్టింగ్ ఎమ్మెల్యే ముత్తిరెడ్డి యాదగిరిరెడ్డిని కాదని చివరికి ఎమ్మెల్సీ పల్లా రాజేశ్వర్‌రెడ్డికిచ్చారు. కాంగ్రెస్ టికెట్‌కు దరఖాస్తు పద్ధతి పెట్టింది. ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు, మిగతావాళ్లకు 50 వేలు రుసుము. వెయ్యికి పైగా వచ్చాయి. పాలకుర్తిలో టికెట్ ఆశించిన ఝాన్సీరెడ్డికి భారత పౌరసత్వం తేలకపోవడంతో 26 ఏళ్ల కోడలు యశస్వినీరెడ్డి నిలబడి మంత్రి ఎర్రబెల్లిని ఓడించింది. ఇక స్టేషన్ ఘన్‌పూర్. సిట్టింగ్ ఎమ్మెల్యే రాజయ్యను పక్కనపెట్టి టికెట్ తెచ్చుకుని గెలిచిన కడియం శ్రీహరి నాలుగు నెలలు తిరక్కుండా కాంగ్రెస్‌లో తేలారు. బీఆర్ఎస్ వరంగల్ టికెట్ వదులుకున్న కూతురు కావ్య కాంగ్రెస్ టికెట్ మీద ఎంపీ అయింది. జనం అభ్యర్థిని ఎంచుకునే దేశం సంగతి నాకు తెలియదుగాని, ఇక్కడ అభ్యర్థే పార్టీని ఎంచుకుంటాడు. ఇందులో మా ఊరి అవగాహనా లోపం ఎక్కడుందో ఆ మైకు పట్టుకున్నాయన చూపించాలి.

పల్లా జనగామలో గెలవడంతో వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటు ఖాళీ అయి 2024 మే 27న ఉపఎన్నిక జరిగింది. పట్టభద్రులు! ఫారం 18కి డిగ్రీ పట్టా జతచేసి పేరెక్కించుకున్నవాళ్లు. బూత్‌లో ఇచ్చిన పెన్నుతో నచ్చినవాడి పేరెదురుగా 1 అంకె వేయాలి. లెక్కింపులో వేల ఓట్లు చెల్లకుండా పోయాయి. పక్కన నిరక్షరాస్యురాలైన మా పెద్దమ్మ ఈవీఎం మీట తప్పకుండా నొక్కి వస్తుంది. డిగ్రీవాళ్లకోసం ర్యాలీ తీసినట్టు మాత్రం నేనెక్కడా వినలేదు.

పోస్టల్ బ్యాలెట్ మనకూ ఉంది. ఎవరికంటే ఎన్నికల డ్యూటీ ఉద్యోగులకు, సైనికులకు, కొన్ని అత్యవసర సేవలవాళ్లకు, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు, బాగా ముసలివాళ్లకు. మేస్త్రీకి లేదు. 2023 జనవరి 16న ఎన్నికల సంఘం పార్టీలను పిలిచి ఒకే యంత్రంలో 72 నియోజకవర్గాల ఓట్లు వేయించే రిమోట్ మెషీన్ చూపిద్దామనుకుంది. పార్టీలు ముక్కు విరిచాయి, యంత్రం మూలకు చేరింది. నాకూ దానిమీద గొప్ప నమ్మకమేం లేదు. నన్నడిగితే పోస్టల్ బ్యాలెట్ కోరే 12డి ఫారంలో ఇంకో గడి కలపండి, 'బతుకుదెరువుకు పోయినవారు' అని. ఎలా సరిచూడాలి, కవర్లు ఎవరు మోయాలి అంటారా, అది ఆలోచించడానికి జీతం తీసుకునేవాళ్లున్నారు.

బాగా ముసలివాళ్లు అన్నాను కదా. 2023లో మా అమ్మకు 81. ఎనభై దాటితే ఇంట్లోనే ఓటు అన్నారు, 12డి ఇచ్చాం. అధికారులు, పోలీసు, వీడియో తీసే కుర్రాడు, అంతా ఇంటికొచ్చారు. నులకమంచం మీద కూర్చుని వేసి, కవరు తానే అంటించింది. 2024 మార్చిలో ఆ వయసును 85కు పెంచారు. మే 13న పార్లమెంటు ఎన్నికలొచ్చేసరికి అమ్మకు 82. ఈసారి ఇంటికి రారని చెబితే కాసేపు ఆలోచించి, "సర్కారు నన్ను మళ్ల పడుసుదాన్ని జేసిందిరా" అని నవ్వి, కొత్త చీర తీయమంది. ఎండలో ఆటో కట్టించుకుని పోయి వేసొచ్చాం. పోనూ రానూ నూటయాభై.